ఒత్తు

చిత్తూరు కోర్టు గోడ వెంబడి, రేకు కింద
నా బల్ల, కుర్చీ, రిబ్బను ఎండిన టైపు మిషను.
చెంగమ్మ వచ్చేటప్పటికి ఇంకా కవరు తీయలేదు.
కొంగులో మడిచిన నాలుగు కాగితాలు ముందర పెట్టి
"చదువు సామీ, మా దొరవేలు ఏం చేసినాడో
దీంట్లో రాసిండారంట" అంది.

చదివాను.
సదరు వ్యక్తి కొంతకాలంగా
కొందరు అనుచరులతో కలిసి
పలుచోట్ల, పలుమార్లు
ఎర్రచందనం అక్రమ రవాణా వగైరాలకు పాల్పడుతూ
శాంతిబద్రతలకు

అక్కడ ఆగిపోయాను.

"ఏ దినం?"
రాయలేదమ్మా.
"యాడ?"
పలుచోట్ల.
"ఎవురితో?"
కొందరితో.
"వగైరా అంటే ఎవురు సామీ, ఏ ఊరోడు?"

సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
బెల్లం మండీ వేబ్రిడ్జి చీటీలు, రెండేళ్ళవి,
కొన్నిటి మీద సిరా వెలిసి ఊదాగా మారింది.
తేదీ, గంట, నిమిషం, బండి నంబరు,
నిండు బరువు, ఖాళీ బరువు, తేడా.
కిందనే దొరవేలు సంతకం,
'వే' మీద గీత ప్రతిసారీ పొడుగు.
"బెల్లం అచ్చులకే ఇంత రాస్తారు గదా,
మనిషిని ఏడాది మూసిపెట్టను ఒక తేదీ దొరకలేదా?
దినం చెప్పమను సామీ,
ఆ దినం చీటీ తీసిస్తా."

నల్లకోటు వేసుకోకుండానే ఆమె
ఇరవైరెండో అధికరణం, ఐదో క్లాజు వాదించేసింది.
కారణం చెప్పమంటుంది చట్టం,
త్వరగా, అతనికి తెలిసిన భాషలో,
అతను తిరిగి మాట్లాడగలిగేలా.
సలహా మండలి ముందు పక్కన వకీలు ఉండడు.
కడప జైలు నుంచి దొరవేలు ఒక్కడే వెళ్ళి నిలబడాలి.
పలుమార్లలో ఏ మారు కాదంటాడు?
పలుచోట్లలో ఏ చోట లేనంటాడు?

ఎందుకు ఆగానో మాత్రం ఆమెకు చెప్పలేదు.

బద్రత. ఆ 'బ'కు ఒత్తు లేదు.
అది నా తప్పు.
ఇరవైఆరేళ్ళ కిందట కలెక్టరాఫీసులో
ఆరింటి పలమనేరు బస్సు పోతుందని
గబగబా కొట్టిన నమూనా.
పేరు దగ్గర ఖాళీ, తండ్రి పేరు దగ్గర ఖాళీ,
మిగతాదంతా ముందే నిండి ఉండేది.
అప్పుడు నాటుసారా అని ఉండేది,
ఇప్పుడు ఎర్రచందనం అయింది.
వగైరా మాత్రం ఆ వగైరానే.
మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాయి,
ఆఫీసర్లు మారారు, జిల్లా ముక్కలయింది,
ఒత్తు లేని నా 'బ' చెక్కుచెదరలేదు.
ఆ ఖాళీలో ఎంతమంది కూర్చుని లేచారో
నేను లెక్క పెట్టుకోలేదు.
ఆ సాయంత్రం బస్సు అందింది,
కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

అర్జీకి నూటయాభై. ఇచ్చింది, తీసుకున్నాను.
వద్దంటే ఎందుకని అడుగుతుంది.

కాగితం ఎక్కించి కొట్టాను:
అయ్యా, నేను ఏ రోజున, ఏ చోట,
ఎవరితో ఉన్నానంటున్నారో చెప్పండి.
చెబితే జవాబిస్తాను.
చెప్పలేకపోతే, దేనికి జవాబివ్వాలో తెలియని నన్ను
ఇక్కడ ఉంచడం చట్టం కాదు.
నన్ను ఇంటికి పంపండి.

"ఆఖర్న వగైరా పెట్టినావా?" అంది చెంగమ్మ.
లేదమ్మా.
"మంచిది. పెట్టొద్దు."
చీటీలు తేదీల వారీగా సర్దుకుని
డబ్బా మూత రెండుసార్లు నొక్కి చూసుకుంది.
మండలి ఏమంటుందో, ఆపైన హైకోర్టు ఏమంటుందో,
మామిడికాయల లోడ్లు మొదలయ్యేలోగా తేలుతుందో లేదో
నేను చెప్పలేను. ఆమె అడగనూ లేదు.

సంతకం చోటు చూపించే ముందు
కాగితం ఇంకోసారి చదువుకున్నాను.
భద్రత అన్న మాట ఒక్కచోటే వచ్చింది.
నా మిషనులో ఒత్తు సరిగా పడదు.
పెన్నుతో పెట్టాను,
వెనక వైపు వేలికి తగిలేంత గట్టిగా.